రాతిలో బంధం, ఎముకలో బంధం



లోహానిది ఇచ్చే గుణం, అలోహానిది పుచ్చుకునే గుణం. కాల్షియం పరమాణువు రెండు ఎలక్ట్రాన్లను వదులుకుంటుంది. రెండు ఫ్లోరిన్ పరమాణువులు చెరొకటి అందుకుంటాయి. దాంతో అవి ధన, రుణ ఆవేశాలున్న అయాన్లుగా మారి ఒకదాన్నొకటి ఆకర్షించుకుంటాయి. ఇదే అయానిక బంధం. 1916లో జర్మన్ శాస్త్రవేత్త కోసెల్ దీన్ని వివరించాడు.

ఈ పాఠంతో ధర్మపురి జిల్లాకు దగ్గరి సంబంధం ఉంది. అక్కడి భూగర్భంలో ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలున్నాయి. రాతి పగుళ్ళలో చాలాకాలం నిలిచిన నీటిలోకి ఫ్లోరైడ్ అయాన్లు దిగుతాయి. నీటిలో కాల్షియం తక్కువైతే మరింతగా దిగుతాయి. ఆ నీళ్ళు ఏళ్ళ తరబడి తాగినవారి ఎముకల్లో, ఫ్లోరైడ్ మళ్ళీ కాల్షియం చెంతకే చేరుతుంది. పిల్లల పళ్ళు గారకడతాయి. పెద్దల వెన్ను బిగుసుకుపోతుంది.

మన దేశంలో ఈ జబ్బు సంగతి తొలిసారి బయటపడింది తెలుగునేల మీదే. 1937లో షార్ట్, ఆయన సహచరులు నాటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా గ్రామాల్లో దీన్ని గుర్తించారు. ఆ తర్వాత నీరీ సంస్థ పటిక, సున్నంతో నీటిని శుద్ధిచేసే పద్ధతిని రూపొందించింది. దానికి నల్గొండ పేరే స్థిరపడింది.

ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలకు కావేరి నీరందించే హొగెనక్కల్ పథకానికి 2008లో శంకుస్థాపన జరిగింది, 2013లో ప్రారంభమైంది.

బిగుసుకుపోయిన వెన్నును మందులు మళ్ళీ మామూలు చేయలేవు. ఫ్లోరైడ్‌ను రంగూ, రుచీ పట్టివ్వవు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిందో లేదో పరీక్షే చెప్పాలి. అందుకే బోరు నీళ్ళు తాగేవారు ముందు పరీక్ష చేయించుకోవాలి.