‘తొలి మహిళ’ అన్న బిరుదు చాటున

స్వీడన్ స్త్రీలు జాతీయ ఎన్నికల్లో మొదటిసారి ఓటు వేసింది 1921లో. మరుసటి జనవరిలో ఐదుగురు మహిళలు పార్లమెంటులో అడుగుపెట్టారు. నలుగురు దిగువ సభకు వెళ్లగా, ఎగువ సభకు వెళ్లింది షెర్స్టిన్ హెసెల్‌గ్రెన్ ఒక్కరే. ఆమె గురించిన కథనాలు చాలావరకు ఇక్కడే మొదలై ఇక్కడే ఆగిపోతాయి. ఓటు హక్కు ఉద్యమమే ఆమెను సభకు చేర్చిందంటాయి. అది సగం నిజం. ఆనాటి ఎగువ సభకు సభ్యులను ఎన్నుకున్నది స్థానిక ప్రజాప్రతినిధులు. గోథెన్‌బర్గ్‌లో ఉదారవాదులు, సోషల్ డెమోక్రాట్లు కలిసి ఆమెను బలపరచడానికి కారణం ఆమె చేసిన ఉద్యోగాల్లో వెతకాలి. నర్సుగా శిక్షణ పొంది, లండన్‌లో పారిశుధ్య తనిఖీ చదివి, స్టాక్‌హోమ్‌లో పేదల ఇళ్లు పరిశీలించి, తరువాత స్త్రీలు పనిచేసే కర్మాగారాలకు ప్రభుత్వ ఇన్‌స్పెక్టరైన మనిషి ఆమె. కార్మిక స్త్రీల బతుకు ఆమెకు కళ్లారా తెలుసు.

ఆమె పాత్రపై వివాదమంతా 1930ల గురించే. ఆర్థిక మాంద్యంలో, పెళ్లయిన స్త్రీలను కొలువుల నుంచి తప్పించాలన్న ప్రతిపాదనలు సభలో వరసగా వచ్చాయి. చివరికి 1939లో వాటికి పూర్తి విరుద్ధమైన చట్టం వచ్చింది. పెళ్లి, గర్భం కారణంగా స్త్రీని ఉద్యోగం నుంచి తీసేయడాన్ని అది నిషేధించింది. ఈ మలుపు ఘనతను చాలామంది సామాజికవేత్త ఆల్వా మిర్దాల్‌కు, ఆమె భర్త గున్నార్‌తో కలిసి 1934లో జనాభా సంక్షోభంపై రాసిన పుస్తకానికి కట్టబెడతారు. జననాల తగ్గుదల భయమే లేకపోతే ఆ చట్టం గట్టెక్కేదా అన్న ప్రశ్న న్యాయమైనదే. బహుశా గట్టెక్కేది కాదు. అయితే భయం చట్టానికి ఊపునిస్తుందే తప్ప వాదన సమకూర్చదు. వాదన సమకూర్చింది 1935లో ఏర్పడిన మహిళా ఉపాధి కమిటీ. దానికి అధ్యక్షురాలు హెసెల్‌గ్రెన్, కార్యదర్శి ఆల్వా. పెళ్లయిన స్త్రీని ఇంటికి పంపితే ఆ పని నిరుద్యోగ పురుషుడికి దక్కుతుందన్న నమ్మకం ఎంత బోలుదో 1938 నివేదిక చూపించింది. ఎవరు ఏ పని చేస్తున్నారో లెక్కతీసి చూసే ఆ పద్ధతి ఇన్‌స్పెక్టర్ పద్ధతే. నివేదిక రాతలో ఆల్వా చెయ్యి పెద్దదే కావచ్చు, ఆమె ప్రతిభను తక్కువ చేయనక్కర్లేదు. కానీ కార్యదర్శి పేరు చరిత్రకెక్కి అధ్యక్షురాలు అడుగున పడటం వెనుక, తరువాత ఆల్వా అందుకున్న నోబెల్ శాంతి బహుమతి వెలుగు కూడా ఉంది. వెనక్కి చూసి రాసే చరిత్రకు ఈ జబ్బు మామూలే.

2021లో మగ్దలేనా ఆండర్సన్ స్వీడన్ తొలి మహిళా ప్రధాని అయినప్పుడు, అంతకు నూరేళ్ల నాటి ఎన్నికను అందరూ గుర్తుచేసుకున్నారు. ఆ లెక్క కుర్చీలది. సభలో స్త్రీలు దాదాపు సగమైనా, సగటు జీతాల్లో వాళ్లు పురుషుల కంటే ఇంకా వెనకే ఉన్నారు. ఎవరు మొదట కూర్చున్నారన్న జాబితా ఈ తేడాను వివరించలేదు. హెసెల్‌గ్రెన్‌ను అంచనా వేయాల్సింది 1922లో దక్కిన స్థానంతో కాదు, 1938 నివేదికతో.