తిరుమల కొండచరియలు: రాయి ఆగే చోటు, మన్ను ఆగే చోటు

తిరుమల కొండల పైభాగం క్వార్ట్‌జైట్, అడుగుభాగం గ్రానైట్. రెండూ కలిసే గీత ఘాట్ రోడ్డు అంచున బయటికే కనిపిస్తుంది. ఆ రెండు రాళ్ల వయసుల మధ్య ఎడం సుమారు 50 కోట్ల ఏళ్లని అంచనా. భారత భూగర్భ సర్వే ఈ గీతను జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది. ఇక్కడ కొండ ఎలా విరుగుతుందో, విరిగినది ఎంత దూరం పోతుందో తేల్చేది ఈ రాళ్లూ, వాటి నుంచి పుట్టిన మన్నే.

క్వార్ట్‌జైట్ గట్టిది, తేలిగ్గా మన్నుగా మారదు. పగుళ్ల వెంట వాననీరు, చెట్ల వేళ్లు దిగి దాన్ని పెద్ద పెద్ద దిమ్మెలుగా విడదీస్తాయి. గ్రానైట్ చివికితే ఇసుక, గరుసు మిగులుతాయి. గరుసు మన్నులో నీరు త్వరగా ఇంకిపోతుంది, గింజలు ఒకదానితో ఒకటి ఒరుసుకుంటాయి. అందుకే జారినా తొందరగా నిలుస్తుంది. బంకమన్ను తీరు వేరు. లోపలి నీరు బయటికి పోలేక గింజలను ఎత్తి పట్టుకుంటుంది. ఒరిపిడి తగ్గి, వాలు తక్కువగా ఉన్నా మన్ను సాగిపోతుంది. వదులుగా ఉన్న ఇసుక కూడా నీటితో నిండి ఒక్కసారిగా కుంగితే ద్రవంలా పారుతుంది. స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ హైమ్ 1932లో చరియ పోయే దూరానికి ఒక కొలత ఇచ్చాడు. పడిన ఎత్తును అడ్డంగా పోయిన దూరంతో భాగించాలి. వచ్చిన అంకె ఎంత చిన్నదైతే, పడిన ఎత్తుతో పోలిస్తే చరియ అంత దూరం పోయినట్టు.

శతాబ్దాలపాటు భక్తులు కొండకు మెట్ల దారుల్లోనే ఎక్కారు. మెట్లు కొండ వాలును అనుసరించి సాగేవి. 1944లో మొదటి ఘాట్ రోడ్డు, 1970లలో రెండోది వచ్చాయి. వాహనం కొండ ఎక్కాలంటే వాలును అడ్డంగా కోయక తప్పదు. కోసిన చోట పైదిమ్మెలకు కింది ఆసరా పోయింది. పైనుంచి దొర్లే రాయికి రోడ్డే మొదటి చదును నేల అయింది. రాయి ఎక్కడ ఆగేదీ అది పడే నేలను బట్టి కూడా ఉంటుంది: మెత్తని మన్ను మీద పడిన రాయి వేగం కోల్పోతుంది, బోడి బండ మీద పడినది ఎగిరిపడుతుంది.

2021 నవంబరు, డిసెంబరుల్లో మన్ను తీరూ, రాయి తీరూ రెండూ కళ్లకు కట్టాయి. వంకల వెంట నీరు రాళ్లనూ ఇసుకనూ కలుపుకుని కిందికి పరుగెత్తింది. మెట్ల దారుల్లో ఒకటైన శ్రీవారి మెట్టు బాగా దెబ్బతింది, 2022 మే నెలలో గాని తిరిగి తెరుచుకోలేదు. 2021 డిసెంబరు 1న పైకెళ్లే ఘాట్ రోడ్డు మీద భారీ బండలు విరిగిపడి రోడ్డును ధ్వంసం చేశాయి.  

మన్ను మందంగా ఉన్న చోట ముప్పు వేరు. 2024 జులై 30న కేరళలోని వయనాడ్‌లో లోతుగా చివికిన మన్ను వాననీటితో నిండి, నది వెంట సుమారు 8 కిలోమీటర్లు ప్రవహించి ఊళ్లను తుడిచిపెట్టింది. తిరుమలలో అంత మందమైన మన్ను లేదు కాబట్టి ఇక్కడి ముప్పు ముఖ్యంగా రాళ్లది. దిమ్మెలకు ఇనుప వల, బోల్టులు కావాలి. వంకలకు మాత్రం నీరు అడ్డులేకుండా పోయే దారి కావాలి. ఘాట్ రోడ్డు కింద తూములు పూడిపోతే, తొందరగా ఆగాల్సిన గరుసు కూడా నీటితో నిండి దూరం పారుతుంది.