ఓనర్ సడెన్‌గా ఇల్లు ఖాళీ చేయమంటే..? కిరాయిదారులు తెలుసుకోవాల్సిన రూల్స్ ఇవే

"రేపటికల్లా ఇల్లు ఖాళీ చెయ్యండి.." ఈ మాట వినగానే కిరాయికి ఉండేవాళ్లకు కాళ్లూ చేతులూ ఆడవు. కానీ ఓనర్ నోటిమాటతో ఎవరినీ బయటకు పంపడానికి వీల్లేదు. తెలంగాణలో ఈ ప్రాసెస్ ఎలా ఉంటుందో చూద్దాం.

ముందు నోటీసు
నెలవారీ కిరాయి అయితే ఆస్తి బదిలీ చట్టం-1882, సెక్షన్ 106 ప్రకారం 15 రోజుల నోటీసు ఇవ్వాలి. అది రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. నోటీసు చేతికి అందినప్పటి నుంచే గడువు లెక్క. అగ్రిమెంట్‌లో వేరే గడువు రాసుకుంటే అదే వర్తిస్తుంది. 11 నెలల అగ్రిమెంట్ ముగిశాక కూడా ఓనర్ అద్దె తీసుకుంటూ ఉంటే సాధారణంగా దాన్ని నెలవారీ కిరాయిగానే చూస్తారు.

తర్వాత కోర్టు
నోటీసు గడువు అయిపోయినా సరే.. ఓనరే వచ్చి సామాన్లు బయట పడేయడం, తాళం మార్చడం కుదరదు. సివిల్ కోర్టులో కేసు వేయాలి. తీర్పు వచ్చాక కూడా కోర్టు ద్వారానే ఖాళీ చేయించాలి. కార్పొరేషన్ల పరిధిలో నెలకు రూ.3,500 లోపు అద్దె ఉన్న పాత ఇళ్ల కేసులు 1960 నాటి రెంట్ కంట్రోల్ చట్టం కిందికి వస్తాయి.

బలవంతంగా గెంటేస్తే?
స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం-1963, సెక్షన్ 6 కింద 6 నెలల్లోపు కేసు వేసి, ఇంటిని తిరిగి స్వాధీనం చేసుకోవచ్చు.

కిరాయిదారులు ఏం చేయాలి?
* అద్దె బ్యాంకు ద్వారా లేదా యూపీఐలో కట్టండి. క్యాష్ ఇస్తే రసీదు తీసుకోండి.
* ఓనర్ అద్దె తీసుకోకపోయినా ఆపొద్దు. మనీ ఆర్డర్ పంపి, రసీదు దాచుకోండి. ఆపేస్తే బకాయి పేరుతో మీపైనే కేసు పడొచ్చు.
* ఓనర్ రాతపూర్వక అనుమతి లేకుండా ఇల్లు వేరేవాళ్లకు కిరాయికి ఇవ్వొద్దు.
* నోటీసు వస్తే తిప్పి పంపొద్దు. తీసుకుని, లాయర్‌తో సమాధానం ఇప్పించండి.
* కోర్టు సమన్లు వస్తే తప్పకుండా హాజరవ్వండి. వెళ్లకపోతే మీ వాదన వినకుండానే తీర్పు రావొచ్చు.
* బకాయి కారణంగా లీజు రద్దు చేసి కేసు వేస్తే.. విచారణలో బకాయి, వడ్డీ, ఖర్చులు కట్టేస్తే సెక్షన్ 114 కింద కోర్టు మరో అవకాశం ఇవ్వొచ్చు.

లాయర్ ఫీజు కట్టలేరా? మహిళలు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సాయం ఉంటుంది. తక్కువ ఆదాయం ఉన్న మిగతావారికీ ఇస్తారు. 15100కు కాల్ చేయండి.