ఒక్క గురుకులము, రెండు సేనలు

1861 ఏప్రిల్ 12వ తేదీన సమ్టరు దుర్గముపై ఫిరంగులు మ్రోగుటతో అమెరికా అంతర్యుద్ధ మారంభమైనది. దుర్గమును రక్షించిన ఆండర్సను వెస్టుపాయింటు సైనిక విద్యాలయమున ఒకప్పుడు ఫిరంగి విద్య నేర్పిన గురువు; ముట్టడించిన బోరెగార్డు ఆయన శిష్యుడే. ద్రోణశిష్యు లిరువాగుల నిలిచిన కురుక్షేత్రము భారతీయులకు క్రొత్త గాదు.

ప్రభుత్వమున కున్న స్థిరసైన్యము సుమారు 16 వేలు. అధికారుల కొరత తీర్చుటకు ఆ యేడు విద్యాలయము రెండు తరగతులకు పట్టము లిచ్చినది: మే 6న 45 మందికి, జూన్ 24న 34 మందికి. రెండవవారికి ఇంకొక యేటి చదువు మిగిలియే యుండెను. అప్పటికే దక్షిణాది యువకులు పలువురు వెడలిపోయిరి. అలబామావాడైన పెల్హాము, టెక్సాసునుండి వచ్చిన రాసరు పట్టమునకు కొలది దినముల ముందు రాజీనామా చేసిరి. దేశమునకు చేసిన ప్రమాణ మొకవైపు, పుట్టినగడ్డ పిలుపు మరియొకవైపు. ఇరువది యేండ్ల ప్రాయమువారు నిర్ణయింపవలసిన ప్రశ్న యిది.

నెల తిరుగక ముందే, జూలై 21న, బుల్ రన్ యుద్ధమున కస్టరు ఒక పక్షమున, పెల్హాము ఎదుటి పక్షమున నుండిరి. 1863 మార్చిలో పెల్హాము మరణించెను. జూన్ తరగతిలో ప్రథముడైన ఓరోర్కు జూలై 2న గెటిస్‌బర్గులో కూలెను. మరునాడచ్చటనే, తన ఫిరంగులను వీడక, 22 ఏండ్ల కుషింగు నేలకొరిగెను. ఆతనికి అత్యున్నత శౌర్యపతకము లభించినది 2014లో.

ఆ తరగతిలో కడపటివాడైన కస్టరు 1864 అక్టోబరు 9న టామ్స్ బ్రూకు వద్ద మిత్రుడైన రాసరును ఓడించెను. 1873లో ఎల్లోస్టోను ప్రాంతమున వారిరువురు మరల స్నేహితులుగనే కలిసికొనిరి. పెల్హామునకు, ఓరోర్కునకు, కుషింగునకు యుద్ధము ఆ యవకాశము నీయలేదు.