నగరాలలో వికేంద్రీకృత సౌరవిద్యుత్తు - మైక్రోగ్రిడ్ల ఆవశ్యకత

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటినప్పుడు విద్యుత్ స్తంభాలు నేలకొరిగి నగరం రోజుల తరబడి అంధకారంలో ఉండిపోయినది. దూరప్రాంతాల నుండి వచ్చు విద్యుత్తుపైనే ఆధారపడుటలోని ప్రమాదం నాడు తేటతెల్లమైనది.

తదనంతరం మహా విశాఖ నగరపాలక సంస్థ 2018లో ముడసర్లోవ జలాశయంపై 2 మెగావాట్ల తేలియాడే సౌరవిద్యుత్ కేంద్రాన్ని నెలకొల్పినది. 2024 ఫిబ్రవరిలో కేంద్రం ప్రారంభించిన పి.ఎం. సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లు, ఆపైన సామర్థ్యం గల గృహ సౌర పలకలకు రూ.78,000 రాయితీ నిర్ణయించబడినది.

అయితే పలకలు అమర్చినంత మాత్రాన సరఫరా నిలిచినప్పుడు ఇంట దీపం వెలుగునని భావించరాదు. చాలామంది వినియోగదారులు ఎరుగని విషయమిది. గ్రిడ్‌తో అనుసంధానమైన సాధారణ ఇన్వర్టరు, లైన్లపై పనిచేయు సిబ్బంది భద్రత దృష్ట్యా, గ్రిడ్ ఆగిన వెంటనే తానూ ఆగిపోవును. మిట్టమధ్యాహ్నపు ఎండలోనైనా ఇంతే.

మైక్రోగ్రిడ్ ప్రత్యేకత ఇక్కడనే ఉన్నది. బ్యాటరీ నిల్వ, గ్రిడ్ నుండి విడదీయు స్విచ్, వోల్టేజిని, ఫ్రీక్వెన్సీని స్వయంగా నిలుపగల ఇన్వర్టరు ఉన్నచో ఆసుపత్రి గాని, నీటి పంపింగ్ కేంద్రం గాని కొన్ని గంటలపాటు స్వతంత్రంగా నడువగలదు. బ్యాటరీల వ్యయం దృష్ట్యా ముందుగా ఇట్టి అత్యవసర సేవలకే వీటిని ఏర్పాటు చేయుట సమంజసం.