కమాన్ కొట్టేది ఒకరు, షాఫ్ట్ చూసేది ఇంకొకరు

ఆదోనికి రైలు ముందొచ్చింది, లారీ చాలా ఆలస్యంగా వచ్చింది. మద్రాసు వైపు పట్టాలూ బొంబాయి వైపు పట్టాలూ 1871లో రాయచూరు దగ్గర కలిసినప్పుడే మా ఊరు ఆ దారిలో స్టేషనయింది. పత్తి బేళ్ళు రైలెక్కేవి. పల్లెల నుంచి పత్తి మిల్లుకు రావాలంటే మాత్రం ఎద్దులబండే. దగ్గరలోని ఎమ్మిగనూరుకు రైలే లేదు. 1938లో మాచాని సోమప్ప గారు పెట్టిన చేనేత సహకార సంఘానికి నూలు రావాలన్నా, బట్ట బయటికి పోవాలన్నా రోడ్డే దిక్కు. ఆ రోడ్డు నల్లరేగడి మీద పోతుంది. వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిచ్చే నేల. బండ్ల పని, ఆ తర్వాత లారీల పని ఇక్కడ ఇంతగా పెరగడానికి పత్తి ఎంత కారణమో ఆ నేల కూడా అంతే కారణమని నేను నమ్ముతాను.

మా జేజినాయన కమ్మరి. బండి చక్రానికి ఇనుప పట్టా తొడిగేవాడు. పట్టాను పిడకల మంటలో కాల్చి, పట్టుకార్లతో ఎత్తి చక్రానికి వేసి, నీళ్ళు పోస్తే అది ముడుచుకుని బిగిసేది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక మిలిటరీవాళ్ళు అమ్మేసిన పాత లారీలు, 1954 నుంచి జంషెడ్‌పూర్‌లో తయారైన టాటా మెర్సిడెస్ బెంజ్‌లు ఊళ్ళోకి వచ్చేసరికి ఆయన లారీ బరువు మోసే కమాన్ కట్టల, అంటే ఉక్కు పట్టీల స్ప్రింగుల, పనిలోకి మారాడు. కొలిమి అదే, దాగలి అదే, సమ్మెట అదే. కూలబడిన పట్టీని కాల్చి, కొట్టి మళ్ళీ వంపు తేవడం, విరిగిన పట్టీ తీసి కొత్తది వేయడం, యూ బోల్టులు బిగించడం. ఆదోని అప్పుడింకా బళ్ళారి జిల్లాలోనిదో, అప్పుడే 1953లో ఆంధ్ర రాష్ట్రంతోపాటు కర్నూలు జిల్లాలోకి వచ్చిందో, ఆయనకు పట్టింపు లేదు. ఉక్కు పట్టీలకు బళ్ళారికే పోయేవాడు.

బండి ఇరుసు బరువు మోస్తుంది, అంతే. లాగేవి ఎద్దులు. లారీ వెనక ఇరుసు బరువూ మోయాలి, బండినీ తొయ్యాలి. గేర్‌బాక్స్ నుంచి ఆ బలాన్ని తెచ్చేది ప్రొపెల్లర్ షాఫ్ట్. కమ్మరికి తరతరాలుగా వచ్చిన విద్యలో ఈ షాఫ్ట్ లేదు. అందుకే అది లేతు నడిపేవాళ్ళకు, ఇంజను మెకానిక్‌లకు పోయింది. కమాన్ షెడ్డు ఒకచోట, షాఫ్ట్ పని ఇంకోచోట. లారీ అదురు ఆ రెండు షెడ్ల మధ్య తిరిగేది.

పత్తి బోరాలు తేలిక, ఎత్తు మాత్రం ఆకాశానికి. బరువుకోసం చేసిన కమాన్లు ఆ లోడుకు వంగవు. బండి వెనక ఎత్తుగా నిలబడి మలుపులో ఊగుతుంది. అందుకని కొందరు ఓనర్లు మా షెడ్డుకొచ్చి వెనక దించమనేవాళ్ళు. ఒకటి రెండు పట్టీలు తీసేవాళ్ళు, లేదా కమాన్‌కూ వెనక ఇరుసుండే హౌసింగ్‌కూ మధ్య ఉండే ప్యాకింగ్ తీసేవాళ్ళు. బండి కిందికి దిగేది. వారం తిరక్కుండా డ్రైవర్ వచ్చేవాడు.

“మేస్త్రీ, ఖాళీగా నలభై దాటితే గుయ్యిమని అదురుతాంది. సెంటర్ బేరింగ్ మార్చినా పోలేదు.”

పోదు. సెంటర్ బేరింగ్ షాఫ్ట్‌ను మధ్యలో పట్టుకునేదే, రోగం అక్కడ లేదు. తీసేసిన ఆ ప్యాకింగుల్లో కొన్ని ఒకవైపు మందంగా, ఒకవైపు పల్చగా ఉంటాయి. హౌసింగ్ ముక్కు, అంటే పినియన్, ఏ కోణంలో చూడాలో నిర్ణయించేది ఆ మందమే. అది తీసేస్తే ముక్కు పైకో కిందికో తిరుగుతుంది. తిరగేసి పెడితే తేడా రెండింతలు. షాఫ్ట్ రెండు కొసల్లో ఉండే క్రాస్ జాయింట్‌కు పదిహేడో శతాబ్దంలో రాబర్ట్ హుక్ పేరు వచ్చింది. దాని గుణం ఒకటుంది: వాలుగా తిరిగితే ఒక్క చుట్టులోనే రెండుసార్లు వేగం పెరిగి, రెండుసార్లు తగ్గుతుంది. ముందు జాయింట్ తెచ్చిన ఆ ఎగుడుదిగుడును వెనక జాయింట్ సరిచేయాలంటే రెండు కోణాలూ సమానంగా ఉండాలి. డిగ్రీ తేడా దాటితే అదురు తెలుస్తుంది. అలాగని షాఫ్ట్ పూర్తి తిన్నగా ఉన్నా చెడ్డదే. క్రాస్‌లోని సూది బేరింగులు దొర్లకుండా ఒకేచోట గాట్లు పెడతాయి.

మా నాయన కొలిమి వదలకుండానే షాఫ్ట్ పని నేర్చుకున్నాడు. ఆయన సాధనం బడిపిల్లల కోణమాని, దాని మధ్యలో దారానికి వేలాడే ఒక నట్టు. దాన్ని గేర్‌బాక్స్ ఫ్లాంజికి, షాఫ్ట్ గొట్టానికి, పినియన్ ఫ్లాంజికి ఆనించి మూడు కోణాలు సుద్దముక్కతో చాసిస్ మీద రాసేవాడు. జాకీ ఎత్తనిచ్చేవాడు కాదు. చాసిస్ లేపితే హౌసింగ్ వేలాడి కొలత అబద్ధమవుతుంది. చక్రాల మీదే నిలబెట్టి, ఖాళీగా ఒకసారి, లోడుతో ఒకసారి చూడాలి.

అంతకు ముందు డ్రైవర్‌ని అడిగేవి అడిగేవాడు. కదిలేటప్పుడు లోడు మీద వణుకుతోందా? పట్టీలు తీసేసిన కమాన్ లాగుడుకు మెలి తిరిగి ముక్కు లేస్తోందన్నమాట. పరుగులో అదిరితే న్యూట్రల్‌లో వదలమనేవాడు. అప్పుడూ అదే వేగంలో అదురుంటే ఇంజను కాదు. అదురు నెమ్మదిగా, ఊపులా ఉంటే చక్రం. చక్రం ఒక చుట్టు తిరిగేలోపు ఆ లారీల్లో షాఫ్ట్ ఆరు చుట్లకు పైగా తిరుగుతుంది కాబట్టి షాఫ్ట్ అదురు సన్నగా, వేగంగా వస్తుంది. చివరగా షాఫ్ట్ విప్పినప్పుడు గుర్తు తప్పారేమో చూసేవాడు. షాఫ్ట్ పొడవు సర్దుకునే స్లిప్ జాయింట్ ఒక్క పల్లు పక్కకు పడినా రెండు కొసల్లో క్రాస్‌ను పట్టుకునే యోక్‌లు వరసలో ఉండవు, కోణాలు సరిగ్గా ఉన్నా బండి అదురుతుంది. ఇందులో దేనికీ సెంటర్ బేరింగ్ మందు కాదు. దాని రబ్బరు చిరగడం రోగం వల్ల వచ్చిన ఫలితం. ఎంతమంది డ్రైవర్లు బేరింగుల మీద డబ్బు పోసుకున్నారో తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

వెనక దించడం ఇప్పుడు పెద్ద లారీల్లో తగ్గింది. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన బండిని ఇష్టమొచ్చినట్టు మార్చనివ్వదు. చిన్న పికప్‌ల కుర్రాళ్ళు మాత్రం అందం కోసం అడుగుతూనే ఉన్నారు. వాళ్ళకు నేను చట్టం చెప్తాను, జాయింట్ సంగతి చెప్తాను. ఇంకెక్కడో దించుకుని అదురుతో వచ్చిన బండికి ముందు ప్యాకింగ్ మందం ఎటుందో చూసి, హౌసింగ్ మీద పంచితో చుక్క కొడతాను. కమాన్ పనీ షాఫ్ట్ కొలతా మా షెడ్డులో ఇప్పుడు ఒకే చీటీ మీద రాస్తాం.