ఇంట్లోనే ఉంటావుగా, నీకేం స్ట్రెస్?

పోయినేడు మా అత్తయ్యగారికి కుడివైపు పక్షవాతం వచ్చి మంచం పట్టారు. అదే ఏడు మా పెద్దమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. తెల్లవారుజామున నాలుగున్నరకి దాన్ని లేపి పాలిచ్చి చదువుకి కూర్చోబెట్టాలి. రాత్రి రెండింటికి నేను లేచి ఆవిడని పక్కకి తిప్పాలి, లేకపోతే వీపు పుండ్లు పడుతుంది. ఈ రెంటి మధ్యా ఎంత నిద్ర పడితే అంత. ఆర్నెల్లు అలా గడిచాక చూసుకుంటే, నాకు వరసగా మూడు నెలలు నెలసరి రాలేదు.

నలభై ఒకటి నాకు. అప్పుడే ఆగిపోతోందా అని ఒక భయం, ఇంకేమైనానా అని ఇంకో భయం. లేడీ డాక్టరు దగ్గరికి వెళ్తే ముందు గర్భం కాదని తేల్చుకున్నారు, తర్వాత థైరాయిడ్, ప్రొలాక్టిన్, స్కానింగ్ అన్నీ చేయించారు. రిపోర్టులన్నీ చూసి, "గాబరా పడాల్సిందేం లేదమ్మా, స్ట్రెస్ వల్ల. కాస్త రెస్ట్ తీసుకోండి" అన్నారు. ఇంటికొచ్చి ఆ మాట చెబితే మావారు, "ఇంట్లోనే ఉంటావుగా, నీకేం స్ట్రెస్?" అన్నారు. వెటకారంగా అనలేదు, నిజంగా అర్థంకాక అడిగారు. తమాషా ఏంటంటే, నాకూ జవాబు తెలియలేదు.

అసలు ఈ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో చూద్దామని మొదలుపెట్టాను. మధ్యాహ్నాలు అత్తయ్యగారు కునుకు తీసినప్పుడు చదివిందే ఇదంతా, పద్ధతేం లేదు.

హార్మోన్ అన్న మాట పుట్టింది 1905లో. లండన్‌లో స్టార్లింగ్ అనే శాస్త్రవేత్త తన ఉపన్యాసాల్లో మొదటిసారి వాడాడు. గ్రీకు భాషలో కదిలించడం, పురికొల్పడం అన్న అర్థం నుంచి తీసుకున్నాడట. ఒకచోట పుట్టి, రక్తంలో ప్రయాణం చేసి, ఇంకోచోట పని పురమాయించేది. సరిగ్గా మా ఇంట్లో నా ఉద్యోగం అదే.

అప్పటికే అమెరికాలో హార్వర్డ్‌లో వాల్టర్ కానన్ అనే ఆయన, కొత్తగా వచ్చిన ఎక్స్‌రే పెట్టి పిల్లుల కడుపులో తిండి ఎలా అరుగుతోందో చూశాడు. పిల్లి బెదిరితే చాలు, కడుపు కదలిక టక్కున ఆగిపోయేది. భయం, కోపం వేసినప్పుడు మూత్రపిండాల పైన టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు ఏం చేస్తాయో ఆయన 1915లో పుస్తకం రాశాడు. ఎదిరించడమో పారిపోవడమో, ఏదైనా సరే ఒళ్లు ముందే సిద్ధమైపోతుందని తేల్చాడు. మనం ఈ రెండూ చేయం. పొయ్యి దగ్గరే నిలబడతాం.

నన్ను కూర్చోబెట్టి చదివించింది మాత్రం హాన్స్ సెల్యే కథ. 1930ల్లో కెనడాలో, మాంట్రియల్ మెక్‌గిల్ యూనివర్సిటీలో కుర్ర పరిశోధకుడు. ఆయన వెతికింది స్ట్రెస్ కోసం కాదు, ఆడవాళ్ల హార్మోన్ కోసం! పశువుల అండాశయాల నుంచి తీసిన రసాన్ని ఎలుకలకి ఎక్కించేవాడు. వాటిని కోసి చూస్తే మూడు మార్పులు: అడ్రినల్ గ్రంథులు ఉబ్బాయి, ఛాతీలో ఉండే థైమస్ కుంచించుకుపోయింది, కడుపులో పుండ్లు పడ్డాయి. కొత్త హార్మోన్ దొరికిందని పొంగిపోయాడు. తీరా మాయ నుంచి తీసిన రసం ఎక్కించినా అవే మూడు. మూత్రపిండం రసమైనా అంతే. చివరికి విసిగి ఫార్మలిన్ ఎక్కిస్తే మరీ ఎక్కువగా కనిపించాయట. అంటే హార్మోనూ లేదు, పాడూ లేదు. ఎలుకల ఒళ్లు ఏ బాధకైనా ఒకేలా స్పందిస్తోంది.

కొన్నాళ్లు దిగాలుగా తిరిగాక ఆయనకి ప్రాగ్‌లో వైద్యం చదువుకున్న రోజులు గుర్తొచ్చాయి. ప్రొఫెసర్ ఒక్కో రోగిని చూపించి, ఒక్కో జబ్బుకి ప్రత్యేకంగా ఉండే లక్షణం చెబుతుంటే, ఈయనకి మాత్రం అందరిలోనూ ఒకటే కనబడేదట: ఒంట్లో బాగోలేదన్న వాలకం. దానికి పేరెందుకు లేదు? మళ్లీ ఎలుకల్ని తెచ్చి చలిలో పెట్టాడు, అలసిపోయేదాకా పరిగెత్తించాడు. అవే మూడు మార్పులు. 1936 జులై 4న నేచర్ పత్రికలో చిన్న ఉత్తరంగా అది అచ్చయింది. స్ట్రెస్ అన్న పేరు తర్వాత వచ్చింది. ఇంజనీర్లు వాడే మాట అది, కడ్డీ మీద పడే ఒత్తిడి. దానివల్ల కడ్డీలో వచ్చే వంపుకి ఇంగ్లీషులో వేరే మాట ఉంది, తనకి ఆ తేడా అప్పట్లో సరిగా తెలియలేదని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు. (పెద్దాయనయ్యాక సిగరెట్ కంపెనీల డబ్బు తీసుకుని వాళ్లకి అనుకూలంగా మాట్లాడాడని చదివి మనసు చివుక్కుమంది. ఉన్నది చెప్పాలి కదా.)

ఎలుకల సంగతి సరే, ఆడవాళ్ల సంగతి? రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం మనీలాలోని శాంతో తోమాస్‌లో, హాంకాంగ్‌లోని స్టాన్లీలో విదేశీయుల్ని నిర్బంధించింది. ఆ శిబిరాల్లో చాలామంది ఆడవాళ్లకి నెలసరి ఆగిపోయింది. లోపలున్న డాక్టర్లు అది గమనించి, బయటపడ్డాక వైద్య పత్రికల్లో రాశారు. తిండి లేకేమో అనుకుంటాం. కానీ మనీలాలో చాలామందికి తిండి తగ్గి ఒళ్లు చిక్కకముందే, నిర్బంధం మొదలైన కొద్ది రోజులకే ఆగింది. బెంగే చేసింది ఆ పని.

అదెలాగో తేలడానికి ఇంకో ముప్పై ఏళ్లు పట్టింది. మెదడు అడుగున హైపోథాలమస్ అని చిన్న భాగం ఉంది. అక్కణ్ణుంచి గంటకో, గంటన్నరకో ఒకసారి ఒక హార్మోన్ చుక్కలా వచ్చి పిట్యూటరీని తడుతుంది, అది అండాశయాన్ని లేపుతుంది. 1978లో పిట్స్‌బర్గ్‌లో నోబిల్ బృందం కోతుల మీద చూసింది: ఆ హార్మోన్‌ని ధారగా ఎక్కిస్తే పని జరగలేదు, గంటకోసారి ఇస్తేనే జరిగింది. అంటే లయ ఉండాలి. దిగులు, నిద్రలేమి పెరిగి కార్టిసాల్ లాంటివి ఎక్కువైతే ఆ తట్టడం నెమ్మదిస్తుంది, ఒక్కోసారి ఆగిపోతుంది. కార్టిసాల్‌కీ తన లయ ఉంది: మామూలుగా అర్ధరాత్రి వేళ బాగా తగ్గి, తెల్లవారేసరికి పెరుగుతుంది. నేను రోజూ అలారం పెట్టుకుని లేచింది సరిగ్గా అది తగ్గి ఉండాల్సిన వేళలో.

సరే, రెస్ట్ అంటే ఏంటి మరి? ఇక్కడో చేదు కథ ఉంది. 1870ల్లో ఫిలడెల్ఫియాలో వియర్ మిచెల్ అనే పేరున్న డాక్టరు, నీరసించి దిగులుగా ఉన్న ఆడవాళ్లకి విశ్రాంతి చికిత్స చేసేవాడు. ఆరు నుంచి ఎనిమిది వారాలు మంచం దిగకూడదు. పాలు తాగాలి, ఒళ్లు పట్టించుకోవాలి. చదవకూడదు, రాయకూడదు, అయినవాళ్లని చూడకూడదు. నలిగిన మగవాళ్లని మాత్రం పడమటి దేశానికి వెళ్లి గుర్రాలెక్కి తిరగమనేవాడు! 1887లో షార్లట్ పెర్కిన్స్ గిల్మన్ అనే రచయిత్రి, బిడ్డ పుట్టాక పట్టుకున్న దిగులుతో ఆయన దగ్గరికి వెళ్లింది. వైద్యం చేసి, ఇంటిపట్టున ఉండు, ఇక కలం ముట్టుకోకు అని పంపాడు. ఆవిడకి పిచ్చెక్కినంత పనైంది. చివరికి ఆ సలహా పక్కన పెట్టి, మళ్లీ రాయడం మొదలుపెట్టాకే కోలుకుంది. 1892లో అచ్చయిన ‘ది ఎల్లో వాల్‌పేపర్’ కథ ఆ అనుభవంలోంచి వచ్చిందే.

అది చదువుతుంటే మా అమ్మమ్మ గుర్తొచ్చింది. నెలకి మూడ్రోజులు పెరటి వసారాలో చాప మీద ఉండేది. "ఆ మూడ్రోజులేనే నేను నడుం వాల్చింది" అనేది నవ్వుతూ. వానాకాలం జల్లు కొట్టి చాప తడిసిపోయేదనీ, దాహమేస్తే ఎవరైనా పోస్తేనే నీళ్లనీ కూడా ఆవిడే చెప్పింది. అంటు పేరుతో దొరికిన ఆ విశ్రాంతి నాకొద్దు. కానీ అది పోయాక దాని బదులు మనకి ఇంకేదీ రాలేదన్నది కూడా నిజమే.

ఒక రాత్రి భోజనాల దగ్గర ఈ ఎలుకలూ పిల్లులూ అన్నీ మావారికి చెప్పాను. అడిగారు కాబట్టి ఆయన ప్రశ్నకి జవాబు కూడా చెప్పాను: "స్ట్రెస్‌కి ఆఫీసు ఉండక్కర్లేదండీ. రాత్రి రెండింటి అలారం చాలు." కాసేపు పెరుగన్నం కలుపుతూ కూర్చుని, "ఆ అలారం నాకు పెట్టు" అన్నారు. మధ్యాహ్నం రెండు నుంచి మూడున్నర దాకా నా గది తలుపు వేసి ఉంటుందని పిల్లలిద్దరికీ ఆయనే చెప్పారు.

రెండు నెలల తర్వాత నెలసరి వచ్చింది. నిద్ర వల్లే వచ్చిందని ఒట్టేసి చెప్పను, అమ్మాయి పరీక్షలు కూడా అప్పటికే అయిపోయాయి. ఎవరికైనా ఇలా జరిగితే, స్ట్రెస్సేలే అని ఊరుకోకుండా నాలాగే ముందు టెస్టులు చేయించుకోండి.

అన్నట్టు, మొదటి వారం మావారు అలారానికి ఒక్కరోజూ లేవలేదు. నేను లేవబోతుంటే పక్కగదిలోంచి ఠంగుఠంగుమని చప్పుడు. అత్తయ్యగారు ఎడమచేత్తో చెంచా పట్టుకుని స్టీలు గ్లాసు మీద కొడుతూ, వంకర తిరిగిన నోటితోనే కొడుకుని పేరు పెట్టి పిలుస్తున్నారు.